ఇంట్లో ఒకే కారు ఉంటే అది ఎలక్ట్రిక్ కావచ్చా? విశాఖ వాళ్లు చెప్పండి

మధురవాడ_50కిమీ:
మధురవాడ నుంచి గాజువాకకు రోజూ డ్యూటీకి వెళ్తాను. రానూపోనూ 50 కిలోమీటర్ల పైనే. పదకొండేళ్ల పెట్రోలు కారు ఇక లాగలేకపోతోంది. ఎలక్ట్రిక్ కార్లలో టాటా పంచ్ ఈవీ, ఎంజీ విండ్సర్ నడిపి చూశాను, రెండూ నచ్చాయి. కానీ ఇంట్లో రెండో కారు లేదు. పండగలకు రాజమండ్రి అత్తగారింటికి వెళ్లాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్కింగ్ ఉంది గానీ ప్లగ్ లేదు. మా ఆవిడ పెట్రోలే మేలంటోంది, తమ్ముడు ఎలక్ట్రిక్ తీసుకోమంటున్నాడు. వాడుతున్న వాళ్లు కాస్త చెప్పండి.

అరకు_దారి:
ధైర్యంగా తీసుకోండి. మాది 38 యూనిట్ల బ్యాటరీ ఉన్న విండ్సర్, ఏడాది దాటింది. మా ఇంట్లోనూ ఇదొక్కటే. నిండా ఛార్జ్ చేస్తే కంపెనీ లెక్క 332 కిలోమీటర్లు, మాకు ఏసీతో 250 వరకు వస్తోంది. మొన్న చలికాలంలో పిల్లలతో అరకు వెళ్లాం. నిండా ఛార్జ్ చేసి బయల్దేరితే శృంగవరపుకోటలో 80 శాతం ఉంది. ఘాట్ ఎక్కుతుంటే గబగబా తగ్గిపోయింది, నిజంగా టెన్షన్ పడ్డాం. అరకులో దిగేసరికి 44. భోజనాలు చేసి పిల్లలు ఆడుకునే మూడు గంటలూ హోటల్లో 15 ఆంప్స్ ప్లగ్‌కి పెట్టాం. తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టే పనే దాదాపు లేదు. బండి తనంతట తనే నిదానిస్తూ బ్యాటరీకి కరెంటు ఎక్కించుకుంది. ఇంటికొచ్చాక ఇంకా 34 శాతం మిగిలింది.

సీతమ్మధార_మూడో_అంతస్తు:
పైన చెప్పినాయనకు సొంత ఇల్లో, ప్లగ్గో ఉండి ఉంటుంది. నాకు లేదు, అందుకే నా మాట కూడా వినండి. కారు కొన్నాక అసోసియేషన్‌ను అడిగాను. సెల్లార్‌లో నిప్పంటుకుంటుందని సగం మంది ఒప్పుకోలేదు. నాలుగు నెలల పాటు రాత్రి అన్నం తిన్నాక బయట ఛార్జర్ దగ్గరికి వెళ్లి, ముందున్న కారు ఎప్పుడు కదులుతుందా అని కూర్చున్నాను. ఒకసారి తుని దగ్గర హైవే మీద యాప్‌లో పనిచేస్తోందని చూపించిన ఛార్జర్, తీరా వెళ్తే ఆగిపోయి ఉంది. చంటిపిల్లతో గంటన్నర ఎండలో ఉన్నాం. బండి మంచిదే. కానీ ప్లగ్ లేనివాడు దీన్ని కొనకూడదని నా గట్టి అభిప్రాయం.

లెక్కల_మాస్టారు:
ఇద్దరి మాటా నిజమే. లెక్క కూడా చూద్దాం. మధురవాడ గారు నెలకు 25 రోజులు తిరిగితే 1,250 కిలోమీటర్లు. పెట్రోలు కారు ఎన్‌ఏడీ, గాజువాక ట్రాఫిక్‌లో లీటరుకు 15 ఇస్తుందనుకుందాం. 83 లీటర్లు, లీటరు 110 అనుకుంటే 9,100 పైనే. ఎలక్ట్రిక్ కారు యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు నడిస్తే, ఛార్జింగ్‌లో పోయేది కలిపి 200 యూనిట్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ 200 యూనిట్లు ఇంటి వాడకం మీద పడతాయి కాబట్టి పై స్లాబులోకి వెళ్తాయి. యూనిట్‌కు పది రూపాయలు వేసుకోండి, 2,000. నెలకు ఏడు వేలు మిగులు, ఏడాదికి 85 వేలు. రెండు కార్ల ధరల మధ్య తేడా నాలుగు లక్షలైతే అయిదేళ్లలోపే తిరిగొస్తుంది. బ్యాటరీకి చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి.

ఇప్పుడు నా సంగతి. రిటైరయ్యాను. ఎంవీపీ కాలనీ నుంచి రైతు బజారు, గుడి, ఎప్పుడైనా బీచ్ రోడ్డు. నెలకు 300 కిలోమీటర్లు దాటవు. మిగిలేది నెలకు 1,700. నాలుగు లక్షలు రావాలంటే పందొమ్మిదేళ్లు పడుతుంది! పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఎలక్ట్రిక్‌కు అప్పటికే 5 శాతం, అది మారలేదు. అంటే తేడా ఇంకా పెరిగింది. అందుకే నేను కొనలేదు, ఆయన్ని మాత్రం కొనమంటాను.

విండ్సర్‌కు బ్యాటరీ అద్దె పద్ధతి కూడా ఉంది. 2024లో వచ్చినప్పుడు కారు 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకు 3.50. చేతిలో డబ్బు తక్కువైతే పనికొస్తుంది గానీ, రోజూ 50 తిరిగే మనిషికి నెలకు 4,375 అద్దె. మిగిలే ఏడు వేలలో సగం పైన అందులోనే పోతుంది.

పెదవాల్తేరు:
హుద్‌హుద్ మర్చిపోయారా? 2014 అక్టోబరు 12. మా వీధికి కరెంటు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. తుపాన్ల ఊళ్లో కరెంటు మీదే ఇల్లంతా ఆధారపడటం నాకు భయం. ఇంట్లో పెద్దవాళ్లుంటే అర్ధరాత్రి కేజీహెచ్ ఆసుపత్రికి ఎలా?

అరకు_దారి:
ఆ భయం నాకూ ఉంది పెద్దాయనా, కొట్టిపారేయను. కానీ అప్పుడు బంకుల దగ్గర ఎంత పొడుగు క్యూలు కట్టామో మీకూ గుర్తుండే ఉంటుంది. తుపాను మనకు చెప్పకుండా రాదు. ముందురోజు నిండా ఛార్జ్ చేసి పెడితే ఆసుపత్రికి పదిసార్లు తిరిగినా ఇంకా మిగులుతుంది. విండ్సర్, పంచ్‌లలో ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ, నిండా ఛార్జ్ చేసినా దానికి ఇబ్బంది లేదు.

సీతమ్మధార_మూడో_అంతస్తు:
మధురవాడ గారూ, నా తప్పు మీరు చేయకండి. ముందు అసోసియేషన్ చేత కాగితం మీద రాయించుకోండి. మీ మీటరు నుంచి విడిగా వైరు, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తనే ఆగిపోయే స్విచ్), మంచి ఎర్తింగ్ వేయిస్తానని చెప్పండి. ఎలక్ట్రీషియన్‌ని మీటింగ్‌కే తీసుకెళ్లండి. నిప్పు గురించి అడిగేవాళ్లకు అతను ఎదురుగా చూపించి చెప్తే వింటారు. నేను ఒక్కడినే వెళ్లి వాదించాను, ఎవరూ వినలేదు.

మధురవాడ_50కిమీ:
అందరికీ ధన్యవాదాలు. రాజమండ్రి దాదాపు 200 కిలోమీటర్లు కదా, అత్తగారిది సొంత ఇల్లే. అక్కడ పంపు మోటారు కోసం వేసిన 15 ఆంప్స్ ప్లగ్ ఉందని మా బావమరిది ఇప్పుడే ఫోన్‌లో చెప్పాడు, వైరింగ్ కూడా చూపిస్తాడట. రాత్రంతా పెడితే తిరుగు ప్రయాణానికి సరిపోతుంది. ఇక మిగిలింది మా సెల్లారే. ఈ ఆదివారం మీటింగ్ ఉంది, ఎలక్ట్రీషియన్‌ని రమ్మన్నాను. కాగితం చేతికొచ్చే దాకా అడ్వాన్స్ కట్టను.