శఠగోపం పెట్టీసాడు: గుడి మాటకి మోసం ఎలా అంటుకుంది?

ద్వారకానగర్ (చర్చ మొదలుపెట్టినది):

మన గుంపులో అందరం పేటల పేర్లతోనే పలకరించుకుంటాం కాబట్టి ఈ కథలో కూడా మనుషుల పేర్లు ఉండవు. పోయిన ఆదివారం బీచ్ రోడ్డులో నడక అయ్యాక మా టీ బ్యాచి కూర్చుంది. అందులో ఒకాయన పక్కా నాస్తికుడు, రిటైరయిన లెక్కల మాస్టారు. ఇంకొకాయన శనివారం వస్తే సింహాచలం మెట్లెక్కే మనిషి. మాస్టారు ఒక చిట్టీలాయన దగ్గర రెండేళ్ళు డబ్బు కట్టారు. ఆ పెద్దమనిషి ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. భక్తుడు ఓదార్పుగా, "ఓసారి కొండకి రండి మాస్టారూ, మనసు తేలికపడుద్ది" అన్నారు. మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, "నేను రావడం దేనికండీ, శఠగోపం ఇంటికొచ్చి మరీ పెట్టీసి ఎల్లిపోనాడు కదా" అన్నారు.

అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ భక్తుడే. ఇంటికొచ్చి ఇదే చెబితే మా అమ్మ కూడా నవ్వింది. నవ్వాక, "ఎవరన్నార్రా?" అని అడిగింది. ఫలానా మాస్టారు, దేవుణ్ణి నమ్మరు అన్నాను. అమ్మ మొహం మారిపోయింది. "ఆయనకెందుకు మన గుడి సంగతులు?" అంది.

జోకు ఒకటే, చెప్పిన నోరు వేరు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఆ జోకు మాస్టారు పుట్టించింది కాదు. "శఠగోపం పెట్టాడు" అంటే మోసం చేశాడు అని మా అమ్మే రోజుకోసారి అంటుంది. ఇంతకీ ఈ అర్థం ఎలా వచ్చింది? ఇలాంటి మాటలు ఇంకేమున్నాయి?

అడవివరం:

కొండ కిందే ఉంటాం కాబట్టి వస్తువు గురించి నేను చెబుతాను. విష్ణ్వాలయాల్లో తీర్థం ఇచ్చాక తల మీద పెట్టి తీసే లోహపు కిరీటం లాంటిదే శఠగోపం. గిన్నె బోర్లించినట్టు ఉంటుంది, పైన స్వామి పాదాల గుర్తులు ఉంటాయి. శఠారి అని కూడా అంటారు. తమిళ వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారుకి శఠకోపుడని పేరు. ఆయన స్వామి పాదాల దగ్గరే ఉంటాడని వైష్ణవుల నమ్మకం, అందుకే పాదాలున్న ఆ కిరీటానికి ఆయన పేరు పెట్టారు. పుట్టే బిడ్డని శఠమనే వాయువు కమ్మేసి పూర్వజ్ఞానం పోగొడుతుందట, ఈయన దాని మీద కోప్పడి తరిమేశాడట. శఠం మీద కోపం, కాబట్టి శఠకోపం. అరవంలో మాట మధ్యలో వచ్చే క-ని గ-లా పలుకుతారు, అలా మన దగ్గరికి గోపం అయి వచ్చింది.

మోసం అర్థం ఎలా వచ్చిందో నాకు తెలిసినంతలో: అక్షయ తృతీయ నాడు చందనోత్సవానికి రండి. నిజరూప దర్శనం కోసం గంటలు గంటలు క్యూలో నిలబడతారు. చివర్లో తల మీద చల్లగా ఏదో తగులుతుంది, కళ్ళు తెరిచేసరికి అది పక్కవాడి తల మీద ఉంటుంది. పెట్టినట్టే ఉంటుంది, చేతికేమీ మిగలదు. చిట్టీలవాడు చేసింది అదే కదండీ.

ఎంవీపీ కాలనీ:

నాకు వాట్సాప్‌లో వేరేగా వచ్చిందండీ. శఠం అంటే మూర్ఖత్వం, గోపం అంటే గోప్యం, మన కోరిక రహస్యంగా చెప్పుకోవాలి కాబట్టి శఠగోపం అన్నారని.

ద్వారకానగర్:

ఆ ఫార్వర్డ్ నాకూ పదిసార్లు వచ్చింది. మాట విరగ్గొట్టి ఒక్కో ముక్కకీ అర్థం అతికించడం మనవాళ్ళకి బాగా అలవాటు. నమ్మాళ్వారు పేరు పక్కన ఉండగా గోప్యం దాకా పోనక్కర్లేదు. అయితే ఒక్క మాట. సంస్కృతంలో శఠుడు అంటే మోసగాడు. సంస్కృతం తెలిసినవాళ్ళ చెవికి ఆ మాటలో మోసం ముందే వినిపించి ఉంటుంది. మన వాడుకకి అదీ కొంత దన్ను అయి ఉండొచ్చని నా ఊహ.

భీమిలి:

మీరంతా గుడిలోనే తిరుగుతున్నారు. కాసేపు గుడి వదిలేసి తల చూడండి. తెలుగులో మోసాలన్నీ తల మీదే జరుగుతాయి. టోపీ పెట్టాడు. కుచ్చుటోపీ పెట్టాడు. చెవిలో పువ్వు పెట్టాడు. గుండు కొట్టించాడు. నామం పెట్టాడు, అది చాలక పంగనామాలు పెట్టాడు. శఠగోపం పెట్టాడు. అన్నీ మెడ పైనే! పెట్టించుకున్నవాడికి తన నెత్తి కనబడదు, ఎదుటివాళ్ళకి కనబడుతుంది. మోసపోవడం అంటే అదే కదా, ఊరంతటికీ తెలిశాక చివరికి మనకి తెలుస్తుంది. కాబట్టి శఠగోపం ఈ వరసలోకి టోపీలాగే వచ్చింది. ఇందులో మతాన్ని వెక్కిరించడం కంటే నెత్తిని వెక్కిరించడం ఎక్కువ.

ద్వారకానగర్:

ఇది నాకు తట్టనే లేదు. ఒప్పుకున్నాను. కానీ నెత్తికి సంబంధం లేని గుడి మాటలు కూడా ఉన్నాయే?

అక్కయ్యపాలెం:

బోలెడు. డబ్బు గోవిందా అయింది. ఆస్తంతా స్వాహా చేశాడు. ట్రస్టు సొమ్ము కైంకర్యం చేశాడు. దుకాణానికి మంగళం పాడేశాడు. ఆఫీసులో అక్షింతలు పడ్డాయి. అల్లరి చేస్తే బడితెపూజ. ఇంకో పార్టీ తీర్థం పుచ్చుకున్నాడు. సాయంత్రం అయితే ఇంకో రకం తీర్థం కూడా ఉంది, అది చెప్పక్కర్లేదు. పనికిమాలినవాడు సన్నాసి. ఉన్నదంతా పోతే ఫకీరు.

గోవిందా సంగతి మా ఇంట్లో తెలిసింది. మా వైపు పాడె లేవగానే గోవిందా అంటారు. మా తాతయ్య పోయినప్పుడు నాకు ఏడేళ్ళు. ఆ కేకతోనే మనిషి ఇంట్లోంచి వెళ్ళిపోయాడని అర్థమైంది. తిరగలి పోయినా, ఎడ్లు పోయినా, చిట్టీ పోయినా అదే కేక వెయ్యడం నాకు వింతగా అనిపించదు. స్వాహా కూడా అంతే, హోమంలో వేసిన నెయ్యి వెనక్కి రాదు.

ద్వారకానగర్:

గోవిందా, నామం రెండూ అరవంలోనూ ఇదే అర్థంలో ఉన్నాయి. అక్కడ నామం పోడు అంటే ఎగనామం పెట్టడమే. కన్నడంలోనూ పంగనామ హాకు అంటారు. పక్కపక్క భాషలు మూడూ ఒకే వెక్కిరింపు పంచుకున్నాయన్నమాట. ఇవి ఎక్కువగా వైష్ణవం మాటలే కావడం శైవుల పని అని ఎవరైనా అంటారేమో. నేను ఒప్పుకోను. గుడినీ గుళ్ళో లింగాన్నీ మింగినవాడు అని కూడా మనమే అంటున్నాం.

పెదవాల్తేరు:

అన్నిటికంటే పెద్ద మాట మీరు ఒక్కరూ చెప్పలేదు. మొక్కుబడి.

మొక్కుకున్నది తీర్చడం మొక్కుబడి. బిడ్డకి జ్వరం తగ్గితే నూకాలమ్మకి కోడినిస్తానని తల్లి మొక్కుకుంటే అది చచ్చేంత భయంలోంచి వచ్చిన మాట. అలాంటి మాటకి ఇప్పుడు అర్థం ఏమిటి? మనసు లేకుండా ఏదో చేశామనిపించడం. "ఇన్‌స్పెక్షన్ మొక్కుబడిగా చేశారు" అని పేపర్లో రాస్తారు. తూతూమంత్రం కూడా ఈ కోవలోదే. మంత్రం అంటే బలం ఉన్న మాట అనుకునే జనమే, పసలేని పనికి మంత్రం పేరు పెట్టారు. భక్తిలేని పూజ పత్రి చేటు అన్న సామెత కూడా గుడికి వెళ్ళేవాళ్ళదే. మారేడు చెట్టు మీద జాలితో ఏ నాస్తికుడూ అది కట్టలేదు.

నేను ముప్పయ్యేళ్ళు స్కూల్లో తెలుగు చెప్పాను. మొక్కుబడికి రెండు అర్థాలూ చెబితే పిల్లలు అడిగేవారు, "టీచర్, మంచి అర్థం ముందా, చెడ్డ అర్థం ముందా?" అని. మంచిదే ముందు. మొక్కు తీర్చడానికి వచ్చినవాళ్ళ మొహాలు చూసి చూసి రెండోది పుట్టి ఉంటుంది.

లాసన్స్ బే:

నేనే ఆ చిట్టీ మాస్టార్ని. మా టీ కబుర్లు ఇక్కడికి తెచ్చారని తెలిసి చేరాను. ముందు ద్వారకానగర్ గారి అమ్మగారికి నమస్కారం. ఆవిడ కోపంలో న్యాయం ఉంది, దానికి తర్వాత వస్తాను.

ఈ ఊరికి నాస్తికం కొత్త కాదు. 1972లో జయగోపాల్ గారు భారత నాస్తిక సమాజాన్ని పెట్టింది విశాఖలోనే. అంతకు ముందే 1940లో గోరా గారు ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని బెజవాడ పటమటకి తెచ్చారు. కుర్రతనంలో నేను చాలా ఉపన్యాసాలు విన్నాను, కొన్ని ఇచ్చాను కూడా. పెదవాల్తేరు టీచరుగారు చెప్పిన మొక్కుబడి అన్న ఒక్క మాట కొట్టినంత దెబ్బ నా ఉపన్యాసాలేవీ కొట్టలేదు. సిగ్గుపడకుండా ఒప్పుకుంటున్నాను.

మా జోకులకి ముత్తాతలు చార్వాకులు, వేదాన్నీ పరలోకాన్నీ ఒప్పుకోని పాతకాలపు వాళ్ళు. శ్రాద్ధం పెడితే చచ్చినవాడి కడుపు నిండేట్టయితే, ఊరెళ్ళేవాడికి దారిబత్తెం కట్టడం దండగ, ఇంట్లో వాడి పేరు మీద ఎవరికైనా పెడితే సరిపోతుంది కదా అన్నారు వాళ్ళు. యజ్ఞంలో చంపిన పశువు స్వర్గానికి పోతుందంటే, యజమాని తన తండ్రినే ఎందుకు పంపడని అడిగారు. ఇవి మనకెలా దొరికాయో తెలుసా? చార్వాకుల పుస్తకాలు మిగల్లేదు. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడనే వేదాంతి, ఖండించడానికని, తన సర్వదర్శన సంగ్రహంలో మొదటి అధ్యాయంగా వీటిని రాసి పెట్టాడు. మా జోకుల్ని దాచింది కూడా ఆస్తికులే. ఖండిస్తూ ఆయన లోలోపల నవ్వుకున్నాడని నా అనుమానం. లేకపోతే అంత శుభ్రంగా శ్లోకాలతో సహా ఎందుకు దింపుతాడు?

ఎంవీపీ కాలనీ:

చారు వాక్కు కలవాడు చార్వాకుడు అంటారు కదా మాస్టారూ. మా ఇంట్లో నేనూ చార్వాకుణ్ణే. భోజనానికి కూర్చుంటే చారు మీద తప్ప వాక్కు రాదు.

లాసన్స్ బే:

అప్పు చేసైనా నెయ్యి తాగమన్నారు బావూ, చారు దగ్గరే ఆగిపోతే ఎలా?

గాజువాక:

ఆస్తి ఉన్నవాడు ఆస్తికుడు, లేనివాడు నాస్తికుడు. మా స్టీల్ ప్లాంట్ క్యాంటీన్లో పాత జోకు ఇది.

ద్వారకానగర్:

జోకే గానీ పునాది గట్టిది. అస్తి అంటే ఉంది అని. మనం సొత్తుని ఆస్తి అనేది కూడా ఆ ఉండడంలోంచే. పాణిని అష్టాధ్యాయిలో 4.4.60 సూత్రం "అస్తి నాస్తి దిష్టం మతిః". ఉంది అనే మతి కలవాడు ఆస్తికుడు, లేదు అనే మతి కలవాడు నాస్తికుడు. ఏది ఉంది, ఏది లేదు? సూత్రంలో లేదు. వ్యాఖ్యాతలు పరలోకం అన్నారు. మనుస్మృతి వేదనిందకుణ్ణి నాస్తికుడంది. ఈ లెక్కన సృష్టికర్త అక్కర్లేదన్న మీమాంసకులు, వేదాన్ని ఒప్పుకున్నారు కాబట్టి ఆస్తికులు. దేవుడు లేడన్నవాడే నాస్తికుడు అనేది ఇప్పుడు మనం వాడే అర్థం.

లాసన్స్ బే:

చిట్టీ పోయాక నేను మీ రెండు నిఘంటువుల్లోనూ నాస్తికుణ్ణే.

అడవివరం:

మాస్టారూ, దేవుణ్ణి అనడంలో మీరు మా వాళ్ళ ముందు దిగదుడుపే. 18వ శతాబ్దంలో గోగులపాటి కూర్మనాథకవి మా అప్పన్న మీద శతకం చెప్పాడు. తురక సేనలు మీదికొస్తుంటే స్వామి కదలడం లేదని కోపం. వైరిహరరంహ అని పిలుస్తాడు, శత్రువుల్ని మట్టుపెట్టే వేగం కలవాడా అని. పిలిచి, నీ వేగం ఏమైందని నిలదీస్తాడు. చివరికి తుమ్మెదలు వచ్చి సేనని తరిమాయని మా కొండ మీద చెప్పుకుంటారు. ఇలాంటిదాన్ని నిందాస్తుతి అంటాం. మీరంటే నింద, మేమంటే స్తుతి!

లాసన్స్ బే:

అమ్మగారి కోపం సరిగ్గా అక్కడే ఉంది. ఆవిడ శఠగోపం అన్నప్పుడు, తిట్టినా రేపు పొద్దున్న దీపం పెడుతుందని దేవుడికీ తెలుసు, మీకూ తెలుసు. నేనంటే ఆ పూచీ లేదు. అత్తగారిని కోడలు ఆడిపోసుకోవచ్చు, పక్కింటివాడు అంటే ఊరుకుంటుందా? కానీ నాకూ ఒక ఫిర్యాదు ఉంది. ఈ భాషలోనే పుట్టాను, మా అమ్మ కూడా గోవిందా అనే ఏడ్చింది. గుడి మాటలు తీసేస్తే నాకు తిట్టడానికి, నవ్వడానికి తెలుగు ఎంత మిగులుతుంది? మొన్న మెట్ల మీద కాలు జారితే నా నోట "అయ్యో రామ" అనే వచ్చింది. దానికి బదులు ఏమనాలో మా సభల్లో ఎవరూ నేర్పలేదు.

పెదవాల్తేరు:

"అమ్మో" అనండి మాస్టారూ. అమ్మ ఉందని మీరూ ఒప్పుకుంటారుగా.

ద్వారకానగర్:

రాత్రి ఈ చర్చంతా అమ్మకి చదివి వినిపించాను. భీమిలి వారి తల సిద్ధాంతానికి బాగా నవ్వింది. మాస్టారి ఫిర్యాదు దగ్గర ఏమీ అనలేదు. కాసేపాగి, "పాపం, ఆ చిట్టీ డబ్బు వచ్చిందా?" అని అడిగింది.

లాసన్స్ బే:

అమ్మగారికి చెప్పండి, నిన్న వాడు ఫోన్ ఎత్తాడు. ఎప్పుడిస్తావురా అంటే, "దేవుడి దయ ఉంటే వచ్చే నెల మాస్టారూ" అన్నాడు.