మైకు లేకుండా ఉరుముల టెక్నో: ఖర్చు 2,870 రూపాయలు, ఇది సరిపోతుందా?

పెన్నగట్టు (అనంతపురం), శనివారం రాత్రి 9:10
మూడు నెలలుగా కుస్తీ పడుతున్న ట్రాక్ పూర్తయింది. ఉరుములు అనే తోలు వాద్యం దరువు మీద టెక్నో (ఆగకుండా సాగే మెషీన్ దెబ్బల సంగీతం), మధ్యలో కొంత డబ్ ధోరణి (ప్రతిధ్వనులు సాగదీసే పద్ధతి). ఖర్చు దాచకుండా రాస్తున్నాను: పాత హెడ్‌ఫోన్లు 1,900, మెమరీ కార్డు 450, బస్సు ఛార్జీలు 360, టీలు బజ్జీలు 160. ల్యాప్‌టాప్ మా అక్క చదువు అయిపోయాక ఇంట్లో పడి ఉన్నది, 4 జీబీ ర్యామ్. పాట కట్టే ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్, శబ్దాన్ని కోసి సర్దే ఆడాసిటీ, ఈ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. ఉరుములను మా దగ్గరి ఊరి జాతరలో ఫోనుతో పట్టాను. మైకు, ఆడియో కార్డు లేనిదే అది సంగీతం కాదని నా స్నేహితుడి వాదన. నేను ఒప్పుకోను. మీరేమంటారు?

మైక్‌సెట్ బాబాయ్ (ప్రొద్దుటూరు), 9:52
రెండుసార్లు విన్నాను తమ్ముడూ, ఒకసారి పెద్ద బాక్సుల మీద పెట్టి. నీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. ఫోను రికార్డింగులో గెయిన్, అంటే ధ్వనిని పట్టే స్థాయి, దానంతట అదే సర్దుకుంటుంది. గట్టి దెబ్బ పడగానే మొత్తాన్ని తొక్కేస్తుంది, దెబ్బ ఆగగానే పైకి లేపుతుంది. అందుకే నీ ట్రాక్‌లో ప్రతి దెబ్బ వెనకా జనం గోల పొంగుకొస్తోంది. 0:48 దగ్గర ఎవరో పిల్లవాడు "ఒరేయ్, చెప్పులు!" అని అరవడం ఉరుము కంటే స్పష్టంగా ఉంది.

పైగా ఉరుము అంటే ఒక్క దెబ్బ కాదు. ఒక మూతిని పుల్లతో కొడతారు, రెండో మూతిని వంపు కర్రతో రుద్దుతారు. ఆ రుద్దుడులోనే మబ్బు గర్జించినట్టు ఒక మూలుగు వస్తుంది. వాద్యానికి ఆ పేరు వచ్చిందే దాని వల్ల. నీ ట్రాక్‌లో అది లేదు. ఫోను దాన్ని రొద అనుకుని తుడిచేసింది.

ఇరవై రెండేళ్లు మైక్‌సెట్ నడిపినవాడిని. పోయిన ఏడాది ఒక కుర్రవాడు అన్నీ తెలిసినట్టు మాట్లాడి నా బేస్ బాక్సులు అద్దెకు తీసుకెళ్లాడు. లోపలి స్పీకర్ల కోన్లు రెండు చింపి తెచ్చాడు. ఫోను సంగీతం అనగానే నాకు ఆ కోన్లే కళ్లముందు కనపడతాయి.

గజ్జెలమోత (తాడిపత్రి), 9:58
ట్రాక్ బాగుంది. ఉరుములు వాయించింది ఎవరు?

పెన్నగట్టు, 10:20
బాబాయ్, మీ కోన్లు చింపింది నేను కాదు.

సంగీతంలో కొత్త దారులన్నీ చవక సరుకుతోనే వచ్చాయి. రోలాండ్ వాళ్ల టీఆర్-808 డ్రమ్ మెషీన్ 1980లో వచ్చింది, అసలు డ్రమ్స్‌లా లేదని చాలామంది పెదవి విరిచారు, 1983కల్లా తయారీ ఆగిపోయింది. వాళ్లదే బేస్ మెషీన్ టీబీ-303 గతీ అంతే. అవి పాత సామాను ధరకు దిగాకే చికాగో, డెట్రాయిట్ కుర్రవాళ్ల చేతికి అందాయి. మన దేశంలో చరణ్‌జిత్ సింగ్ 1982లోనే ఆ రెండు మెషీన్ల మీద రాగాలు వాయించాడు, ఎవరూ పట్టించుకోలేదు. 2010లో ఆ రికార్డు మళ్లీ విడుదలైనప్పుడు ప్రపంచం నోరు తెరిచింది. మైకు ఉందా లేదా అని అప్పుడు ఎవరైనా అడిగారా?

మైక్‌సెట్ బాబాయ్, 10:41
ఎలా అడుగుతారు? ఆ మెషీన్ల నుంచి తీగ నేరుగా రికార్డరులోకి పోతుంది, వాటికి మైకుతో పనే లేదు. నువ్వు పట్టింది తోలు, కర్ర, గాలి. గాలిని పట్టాలంటే మైకు కావాలి. ఇంకో మాట, చరణ్‌జిత్ సింగ్ చేతిలో జూపిటర్-8 అనే ఖరీదైన సింథసైజర్ కూడా ఉండేది. అది చవక సరుకు ఎలా అవుతుంది? ఆయన బొంబాయి సినిమా స్టూడియోల్లో వాయించిన మనిషి. పేదరికానికి ఆయనను సాక్ష్యం తీసుకురావద్దు.

బురుజు నీడ (కర్నూలు), 10:47
మైకు సంగతి పక్కన పెట్టండి. 4 జీబీలో అన్ని ట్రాకులు ఎలా నడిపారు? నాది నాలుగో ట్రాకుకే ఆగిపోతుంది.

పెన్నగట్టు, 11:05
@బురుజు నీడ, ఒక్కో ట్రాకు అయిపోగానే దాన్ని వేవ్ ఫైలుగా తీసి, ఎఫెక్టులన్నీ మూసేసి, ఆ ఫైలునే మళ్లీ పెట్టుకుంటాను. కీబోర్డుతో వాయించేటప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి పట్టుకునే శబ్దపు ముక్కల లెక్క) 256, కలిపేటప్పుడు 1024. సెకనుకు 44,100 ముక్కల రేటు దగ్గర 256 అంటే ఆరు మిల్లీసెకన్లలోపే, చేతికి ఆలస్యం తెలియదు. 1024 పెడితే ఇరవై మూడు అవుతుంది, వేలికీ చప్పుడుకూ పొత్తు కుదరదు.

అసలు తిప్పలు వేగంతో. ఉరుములవాళ్లు నిమిషానికి 96 దెబ్బల దగ్గర ఎత్తుకుని, ఊపు వచ్చేసరికి 118 దాటించారు. కంప్యూటర్ గడుల్లో అది ఇమడదు. మొదట దెబ్బ దెబ్బకూ కోసి గడుల్లో కూర్చోబెట్టాను, ప్రాణం పోయింది, కుట్టుమిషను చప్పుడులా తయారైంది. అవన్నీ తీసి పారేసి, నా కిక్‌నే (కంప్యూటర్‌లోని బేస్ డ్రమ్ దెబ్బ) వాళ్ల వెనక పరిగెత్తించాను. ప్రతి నాలుగు దెబ్బలకు వేగం మారుస్తూ వంద పైచిలుకు గుర్తులు చేత్తో పెట్టాను. పదకొండు రాత్రులు పట్టింది, అందులో మూడు రాత్రులు కరెంటు లేదు. ఈ పనికి ఏ మైకు సాయం చేస్తుంది బాబాయ్?

గజ్జెలమోత, 11:09
నేను అడిగింది మీకు కనపడలేదేమో. వాయించింది ఎవరు?

పెన్నగట్టు, 11:15
జాతరలో ఒక బృందం అండీ. పేర్లు తెలియవు. జనంలో అడిగే వీలు లేకపోయింది.

మైక్‌సెట్ బాబాయ్, 11:22
వంద గుర్తులు పెట్టే ఓపిక ఉన్నవాడికి ఒక డైనమిక్ మైకు అద్దెకు తెచ్చుకునే ఓపిక లేదా? అది కండెన్సర్ రకం మైకు కూడా కాదు, 48 వోల్టుల కరెంటు ఇవ్వక్కరలేదు. కనీసం ఫోనులో గెయిన్ సర్దుబాటును ఆపగలిగే యాప్ పెట్టుకుని, పదిహేను అడుగుల దూరంలో నిలబడి ఉంటే…

గజ్జెలమోత, 11:40
బాబాయ్, ఒక్క నిమిషం మైకు ఆపండి.

0:48 దగ్గర "ఒరేయ్, చెప్పులు!" అని అరిచింది మా తమ్ముడు. ఆ ఉరుము మా చిన్నాన్నది. మూడు పాటలకు ఒకసారి నీళ్లు తాగడానికి ఆగుతాడు, ఆ ఆగిన చోటును కూడా మీరు ట్రాక్‌లో వాడుకున్నారు, 2:10 దగ్గర.

బజ్జీలతో సహా పద్దు రాశారు కదా. వాయించిన మనిషి పద్దు ఏ వరసలో ఉంది?

పెన్నగట్టు, 11:51
అంటే ముందే తెలిసి నన్ను పరీక్షించారన్నమాట. మొదటే చెప్పి ఉండవచ్చు కదా? అందరి ముందు దొంగను చేసి నిలబెట్టడం ఏమి పద్ధతి?

నేను ఈ ట్రాక్‌తో ఒక్క రూపాయి సంపాదించలేదు. డిగ్రీ అయ్యి రెండేళ్లు, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. ఒక పెళ్లికి రాత్రంతా సంగీతం నడిపితే భోజనం పెట్టి పంపించేశారు, నాకు మాత్రం ఎవరు ఇచ్చారు? పైగా ఆ దరువు తాతల నాటిది. అమ్మవారి ముందు, ఊరందరి మధ్య వాయించినది. దానికి యజమాని ఎవరు? డబ్బే కావాలంటే నేరుగా అడగండి.

గజ్జెలమోత, ఆదివారం 12:14
పేరు అడిగితే మీకు డబ్బు వినపడింది.

దరువు తాతలదే, కాదనను. ఆ రోజు వాయించిన చెయ్యి మా చిన్నాన్నది. 1957 కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుడు అన్న మాట కింద గారడీవాడినీ పాములు ఆడించేవాడినీ కూడా లెక్కపెట్టారు. 38వ సెక్షన్ వాళ్లకు యాభై ఏళ్ల హక్కు ఇచ్చింది. పేరు చెప్పించుకునే హక్కు 2012 సవరణతో వచ్చింది. పాటను ఎవరు కట్టారని ఆ సెక్షన్ అడగదు, ఎవరు వాయించారని అడుగుతుంది.

మీరు 808 కథ చెప్పారు, నేను ఇంకొకటి చెబుతాను. 1969లో ది విన్‌స్టన్స్ అనే అమెరికా బృందం రికార్డులో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మర్ సుమారు ఏడు సెకన్ల ముక్క ఒకటి వాయించాడు. జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీత ధోరణులు దాని మీదే పెరిగాయి, వేల ట్రాకుల్లో అదే ముక్క. ఆయనకు పైసా రాలేదు. 2006లో పోయేనాటికి ఉండటానికి ఇల్లు లేదు. చవక సంగీతం అంటారే, అది ఎవరికి చవక?

బురుజు నీడ, 12:20
నాకు బఫర్ పనిచేసింది. ధన్యవాదాలు. మిగతాది మీరు కానివ్వండి.

మైక్‌సెట్ బాబాయ్, 12:48
నిద్ర పట్టక రాస్తున్నాను. క్యాసెట్ల రోజుల్లో మా పక్క ఊరి చెక్కభజన బృందాన్ని మంచి మైకులు పెట్టి రికార్డు చేశాను. రెండు వందల క్యాసెట్లు అమ్ముడుపోయాయి. పద్నాలుగు మందికి భోజనం పెట్టాను, తలా ఒక తువ్వాలు ఇచ్చాను. అట్ట మీద నా షాపు పేరు వేసుకున్నాను, వాళ్ల పేర్లు వేయలేదు. అప్పుడు ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నేనూ ఈ తమ్ముడిలాగే కోప్పడేవాడినేమో.

పెన్నగట్టు, ఉదయం 8:30
రాత్రి డబ్బు గురించి అన్న మాట తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. పరీక్ష పెట్టారన్న మాట తీసుకోను. ట్రాక్‌ను ప్రస్తుతానికి తీసేశాను. మీ చిన్నాన్నకు వినిపించారా?

గజ్జెలమోత, 9:05
తీసేయమని నేను అనలేదు. నిన్న రాత్రే ఆయనకు ఫోనులో వినిపించాను. మొత్తం విని, "ఎవరో పిల్లవాడు వాయించినట్టుంది, రుద్దుడు ఏది?" అన్నాడు. తన వాయింపని నమ్మలేదు. తమ్ముడి గొంతు చూపిస్తే అప్పుడు నవ్వాడు.

మైక్‌సెట్ బాబాయ్, 9:07
నేను మొదటే చెప్పలేదా!

గజ్జెలమోత, 9:16
మళ్లీ రికార్డు చేసుకోవాలంటే రమ్మన్నాడు. జాతరకు ఒక మనిషికి ఇచ్చే కూలి రెండు వేలు, దానికి తగ్గేది లేదన్నాడు. పేరు ముందు ఉండాలన్నది నా మాట, ఆయనది కాదు.

మైక్‌సెట్ బాబాయ్, 9:24
మైకులు నేను తెస్తాను, అద్దె వద్దు. రుద్దే మూతికి ఒకటి, కొట్టే మూతికి ఒకటి.

పెన్నగట్టు, 9:40
రెండు వేలు ఇప్పుడు నా దగ్గర లేవు. నెలాఖరుకు ట్యూషన్ డబ్బులు వస్తాయి, అప్పటిదాకా ఆగుతారేమో అడగండి. ఆగకపోతే హెడ్‌ఫోన్లు అమ్మాలి.

బురుజు నీడ, 9:43
ఏ కంపెనీవి? ఎంతకిస్తారు?