సెరిబ్రల్ మలేరియా (మెదడుని దెబ్బతీసే మలేరియా) ఎలుకల ప్లాస్మాలో టీఎన్‌ఎఫ్ ఎలైజాకి ఎందుకు అందడం లేదు?

టీఎన్‌ఎఫ్ అంటే మంటని పెంచే రోగనిరోధక ప్రోటీన్, ఎలైజా అంటే యాంటీబాడీలతో ప్రోటీన్‌ని కొలిచే పరీక్ష. సీ57బీఎల్/6 జాతి ఎలుకలు, మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం బెర్గై ఆంకా. 10 లక్షల పరాన్నజీవి సోకిన ఎర్రకణాలు పొట్టలోకి ఇంజెక్షన్. ఆరో రోజుకి నరాల లక్షణాలు మొదలు, ఇంటర్‌ఫెరాన్ గామా (మరో రోగనిరోధక ప్రోటీన్) బాగానే వస్తోంది. టీఎన్‌ఎఫ్ మాత్రం స్టాండర్డ్ కర్వ్ (తెలిసిన మోతాదులతో గీసిన కొలత గీత) అడుగునే ఉంటోంది.

ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఆపే రసాయనం) కలిపిన రక్తాన్ని వెంటనే 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్‌లో 1500 జీలో 10 నిమిషాలు తిప్పి, ప్లాస్మాను చిన్న భాగాలుగా మైనస్ 80లో పెడుతున్నాం. కరిగించేది ఒక్కసారే. ఎర్రకణాలు పగిలి కొన్ని శాంపిళ్లు ఎర్రగా ఉంటున్నాయి. కానీ వాటిలోని హీమ్ (హీమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం) పెరాక్సిడేజ్ ఎంజైమ్‌లా పనిచేసి టీఎంబీ (ఎలైజాలో రంగునిచ్చే పదార్థం) రంగు పెంచాలి గానీ తగ్గించకూడదు కదా?

నా అనుమానం కరిగే టీఎన్‌ఎఫ్ రిసెప్టర్ల (రక్తంలో తేలుతూ టీఎన్‌ఎఫ్‌ని పట్టుకునే ప్రోటీన్ల) మీద. అవి పట్టుకుంటే కొన్ని కిట్ల యాంటీబాడీలకి టీఎన్‌ఎఫ్ చిక్కదు. లేదా టీఎన్‌ఎఫ్ శిఖరం ముందే దాటిపోయి ఉండాలి.

మిల్లీలీటరుకి 100 పికోగ్రాముల రీకాంబినెంట్ (ల్యాబ్‌లో తయారైన) టీఎన్‌ఎఫ్‌ని జబ్బు సోకిన, సోకని ఎలుకల ప్లాస్మాల్లో కలిపి రికవరీ (కలిపినదాంట్లో ఎంత కొలతకి వస్తుందో) పోల్చాలనుకుంటున్నా. కలిపాక ఎంతసేపు ఆగాలి? రిసెప్టర్‌కి అంటుకున్న టీఎన్‌ఎఫ్‌ని కూడా కొలిచే యాంటీబాడీ జత ఎవరైనా వాడారా? లింఫోటాక్సిన్ ఆల్ఫా (టీఎన్‌ఎఫ్‌కి దగ్గరి బంధువైన ప్రోటీన్) లేని ఎలుకలకి ఈ జబ్బు రాదు కాబట్టి, ప్లాస్మా వదిలేసి మెదడు ఆర్‌ఎన్‌ఏలో టీఎన్‌ఎఫ్, లింఫోటాక్సిన్ రెండూ చూడటమే మేలంటారా?