ఓవెన్‌లో పెట్టిన పాస్తా అడుగున నీళ్లెందుకు వస్తున్నాయి?

ప్రశ్న:
డాలస్‌లో ఉంటాం. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరవుతుంది, ఏడున్నరకి పిల్లలకి కంచాల్లో ఏదో ఒకటి పడాలి. నిన్న 9 బై 13 అంగుళాల గాజు ట్రేలో పెన్నే పాస్తా, పాలకూర, పుట్టగొడుగులు, టమాటా సాస్, పైన మోజరెల్లా వేసి 375 ఫారన్‌హీట్‌లో 40 నిమిషాలు పెట్టాను. పైన చీజ్ మాడింది, లోపలంతా ముద్ద, అడుగున నీళ్లు. మావారు చూసి "ఉప్మానా?" అన్నారు!

జవాబు:
పుట్టగొడుగులు పచ్చివే వేశారా? ఆ నీళ్లు వాటివే. మూకుడులో వేయించి, నీరు ఇగిరాక కలపండి. పాస్తాని ప్యాకెట్ మీద రాసినదానికన్నా రెండు నిమిషాల ముందే వార్చేయండి, మిగతాది ఓవెన్‌లో ఉడుకుతుంది.

ఇంకో జవాబు:
ముందు ఫాయిల్ కప్పి 20 నిమిషాలు, తీసేసి ఇంకో 10. బయటికి తీశాక పది నిమిషాలు ఆగి వడ్డించండి. నేనైతే సాస్‌లో చెంచాడు వెల్లుల్లి కారం కూడా వేస్తా, ఇటాలియన్లు ఏమనుకున్నా సరే.

అడిగినావిడ:
పచ్చివేనండీ. ఫ్రోజెన్ పాలకూరలో నీళ్లు కూడా పిండలేదు! ఆదివారం కలిపి ఫ్రిజ్‌లో పెడితే సోమవారం పనికొస్తుందా?

మొదటి జవాబు రాసినామె:
భేషుగ్గా. కానీ చల్లటి గాజు ట్రేని నేరుగా వేడి ఓవెన్‌లోకి తోయకండి, నాది ఒకటి అలాగే పగిలింది.