ఫిల్టర్ మీది దుమ్మును సోనికేటర్‌లో దించొచ్చా?

తిరుచానూరు స్కాలర్: రేణిగుంట రోడ్డు పక్కన ఒక మేడ మీద పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్నటి దుమ్ము) పట్టే శాంప్లర్ నడుపుతున్నాను. 47 మిల్లీమీటర్ల టెఫ్లాన్ ఫిల్టర్, నిమిషానికి 16.7 లీటర్ల గాలి, 24 గంటలు. దిగిన దుమ్మును ఊపిరితిత్తుల సెల్స్ మీద వేసి చూడాలి. ఫిల్టర్‌ను నీళ్లలో పెట్టి గంటసేపు సోనికేట్ చేయమని, అంటే అల్ట్రాసౌండ్‌తో అదిరించి దుమ్ము దించమని మా గైడ్ అంటున్నారు, వద్దని సీనియర్ అక్క అంటోంది. ఎవరి మాట వినాలి?

పాకాల కెమిస్ట్: గైడ్ మాటే విను తమ్ముడూ. టెఫ్లాన్‌కు నీళ్లంటే పడదు, పైన తేలుతుంది. ఊరికే ఊపితే దుమ్ము సగంలో ఆగిపోతుంది. లోహాల పనికి నేను ఎప్పుడూ సోనికేటరే వాడతాను.

చంద్రగిరి ల్యాబ్: అన్నా, లోహాల లెక్క వేరు. సీసం ఎంతసేపు సోనికేట్ చేసినా సీసమే. ఇక్కడ అడుగుతున్నది విషప్రభావం గురించి. అల్ట్రాసౌండ్ తగిలితే నీళ్లలోనే హైడ్రాక్సిల్ రాడికల్స్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. అవి దుమ్ములోని సేంద్రియ పదార్థాలను మార్చేస్తాయి. అప్పుడు సెల్స్ చనిపోతే, చంపింది రేణిగుంట గాలా, మన సోనికేటరా? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా థీసిస్ రాయడం నాకు మనసొప్పదు. పైగా మే నెలలో మన ట్యాంకు నీళ్లు ముందే వేడిగా ఉంటాయి. గంటయ్యేసరికి సోనికేటర్ తొట్టిలోని నీళ్లు ఇంకా కాగుతాయి, ఆవిరయ్యే పదార్థాలు పోతాయి.

నేనైతే ముందు రెండు చుక్కల ఇథనాల్‌తో ఫిల్టర్‌ను తడుపుతాను. దుమ్ము వైపు కిందికి పెట్టి, షేకర్ మీద ఎక్కువసేపు ఉంచుతాను. సోనికేటర్ తప్పకపోతే ఐసు వేసి, కొద్ది నిమిషాల చొప్పున, మధ్యలో ఆపుతూ. తర్వాత ఫిల్టర్‌ను ఆరబెట్టి మళ్లీ తూచాలి. నీ శాంప్లర్ రోజుకు 24 ఘనమీటర్లు పీలుస్తుంది. గాలిలో ఘనమీటరుకు 50 మైక్రోగ్రాములుంటే చేతికొచ్చేది 1.2 మిల్లీగ్రాములే. అందులో పదో వంతు ఫిల్టర్ మీదే ఉండిపోయినా 120 మైక్రోగ్రాములు. మైక్రోబ్యాలెన్స్‌లో అది స్పష్టంగా తెలుస్తుంది. దుమ్ము పట్టని బ్లాంక్ ఫిల్టర్‌నూ ఇదే పద్ధతిలో కడిగి, ఆ నీళ్లనూ సెల్స్ మీద వేయాలి.

పాకాల కెమిస్ట్: రాడికల్స్ సంగతి ఒప్పుకుంటాను. కానీ షేకర్‌తో బరువైన మట్టిరేణువులు ఫిల్టర్‌కే అంటుకుని, కరిగేవి మాత్రం దిగితే? అప్పుడూ నీ దగ్గరున్నది గాలిలోని దుమ్ము కాదు కదా.

చంద్రగిరి ల్యాబ్: ఆ మాట నిజం. నీళ్లలో పడగానే సల్ఫేట్, నైట్రేట్ కరిగిపోతాయి, ఏ పద్ధతిలోనూ రేణువు యథాతథంగా రాదు. అందుకే ఎంత దిగిందో తూకంతో చెప్పాలంటున్నాను.

పుత్తూరు పీజీ: క్వార్ట్జ్ పీచుతో చేసిన ఫిల్టర్ అయితే?

చంద్రగిరి ల్యాబ్: సోనికేట్ చేస్తే పీచు ఊడి నీళ్లలో కలుస్తుంది. సెల్స్ పనికి వద్దమ్మా.

తిరుచానూరు స్కాలర్: ఇంకో శాంప్లర్ అడిగి తెచ్చుకున్నాను. శనివారం రెండూ పక్కపక్కన పెడతాను. ఒక ఫిల్టర్ షేకర్‌కు, ఒకటి ఐసుతో సోనికేటర్‌కు, రెండింటికీ బ్లాంక్‌లు. తూకాలు ఇక్కడే పెడతాను, గైడ్‌కూ అవే చూపిస్తాను.