పిల్లల్ని జూకి తీసుకెళ్ళేలోపు ఏ పుస్తకాలు కొంటే బాగుంటుంది?

మధురవాడ అమ్మ:

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, మధురవాడ. జూ ఇంటికి దగ్గరే, అయినా పాపకి ఇంతవరకు చూపించలేదు. సంక్రాంతికి మా ఆడపడుచు పిల్లలు కూడా వస్తారు, అందర్నీ కలిపి తీసుకెళ్దామనుకుంటున్నాం. పాపకి మూడున్నర, బాబు రెండో తరగతి. వెళ్ళేలోపు రెండు మూడు మంచి పుస్తకాలు చదివి వినిపిస్తే అక్కడ జంతువుల్ని గుర్తుపడతారని నా ఆశ.

మొన్న ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. అట్ట చూస్తే ముచ్చటేసింది. లోపల పేజీకి పన్నెండు బొమ్మలు, ఒక్కోదాని కింద పేరు, అంతే. సింహం, ఉడత ఒకే సైజు! పాప గబగబా తిప్పేసి పక్కన పడేసింది. బాబు "ఇందులో ఏమీ రాయలేదమ్మా" అన్నాడు. సరే తెలుగుది చూద్దామని ఇంకోటి కొంటే "సింహము మాంసాహార జంతువు. ఇది అడవులలో నివసించును" అని మొదలైంది. నా చిన్నప్పటి వాచకమే మళ్ళీ చేతికొచ్చినట్టుంది.

ఇద్దరికీ కలిపి పనికొచ్చేవి ఉంటాయా? తెలుగులో ఎవరు వేసినవి చూడాలి? ఇంకోటి, బటన్ నొక్కితే అరుపులు వినిపించే పుస్తకం కావాలని పాప పేచీ పెడుతోంది. కొనొచ్చా?

డాలస్ నాన్న:

డబ్బులు పెట్టేముందు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైటు ఒకసారి చూడండి. తెలుగు కథలు బోలెడున్నాయి, అన్నీ ఉచితం. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా పెట్టారు. మీ పాపకి మొదటి మెట్టు, బాబుకి రెండు, మూడు సరిపోతాయి. ఇక్కడ మాకు తెలుగు పుస్తకం చేతికి రావడమే కష్టం కాబట్టి రాత్రిళ్ళు అవే చదువుతాం. నచ్చినవి ప్రింటు తీసుకోవచ్చు. అనువాదాలు అన్నీ ఒకేలా ఉండవు, మీరు ముందు చదువుకుని తర్వాత వినిపించండి.

హనుమకొండ టీచరమ్మ:

అమ్మా, నేను జిల్లా పరిషత్ బడిలో చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా ముందు గదిలో పుస్తకాలు పరుచుకుని కూర్చుంటే సాయంత్రం వాడకట్టు పిల్లలంతా వస్తారు. పేర్లు చెప్పమంటే ఇక్కడ పది మంది పది చెప్తారు, తీరా వెళ్తే మీ ఊరి షాపులో అవి ఉండవు. అందుకని షాపులో నిలబడి ఏం చూడాలో చెప్తాను.

జూ పుస్తకం ఏదైనా చేతికి రాగానే ముందు ఎలుగుబంటి పేజీ తియ్యండి. మన అడవుల్లో, మన జూల్లో ఉండే ఎలుగు నల్లది. ఒంటినిండా చింపిరి జుట్టు, మూతి మాత్రం తెల్లబారి ఉంటుంది. ఛాతీ మీద ఇంగ్లీషు వీ అక్షరం రాసినట్టు తెల్లటి గుర్తు. ముందు కాళ్ళకి పొడుగాటి వంకర గోళ్ళు, పుట్టలు తవ్వడానికి. పై వరసలో ముందు పళ్ళు రెండు ఉండవు. తవ్విన పుట్టలో మూతి పెట్టి ఆ సందులోంచి చెదల్ని సర్రున పీల్చేస్తుంది. ఇప్పుడు మీ చేతిలో పుస్తకం చూడండి. గోధుమరంగు టెడ్డీబేరు తేనె కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుందా? మన ఎలుగుబంటికి కూడా తేనె ఇష్టమే, అది వేరే సంగతి. కానీ ఆ బొమ్మ వేసినవాళ్ళు మన జంతువుని చూసి వెయ్యలేదు, ఇంకో పుస్తకాన్ని చూసి వేశారు. మిగతా పేజీలు కూడా అలాగే ఉంటాయి.

నాకు పుస్తకంలో కావాల్సింది ఇదొక్కటే. రాసినవాళ్ళు, బొమ్మ వేసినవాళ్ళు ఆ జంతువు ముందు కాసేపైనా నిలబడ్డారా లేదా. రంగులు, మెరుపు కాగితం తర్వాత సంగతి.

ఎలుగు సరిగ్గా ఉంటే ఖడ్గమృగం చూడండి. మనదానికి ఒకటే కొమ్ము, ఆఫ్రికావాటికి రెండు. అస్సాంలోని కాజీరంగా అడవి పేరు రాసి రెండు కొమ్ములది అచ్చేసిన పుస్తకం నా దగ్గర ఉంది, పిల్లలకి తప్పులు వెతికే ఆటకి దాచాను. ఏనుగు చెవులు చేటలంత ఉంటే అది ఆఫ్రికాది, మీ జూలో కనిపించేది కాదు. చిరుత, చీతా పక్కపక్కన ఉంటే ముఖం చూడండి. చీతాకి కంటి కొనలోంచి నోటిదాకా నల్లటి చార దిగుతుంది, చిరుతకి ఉండదు. చిరుత మచ్చలు గుత్తులుగా పువ్వుల్లా ఉంటాయి, చీతావి ఉత్త చుక్కలు. 2022లో నమీబియా నుంచి చీతాల్ని మధ్యప్రదేశ్‌లోని కునో అడవికి తెచ్చిన దగ్గర్నుంచి పిల్లలు వాటి గురించి తెగ అడుగుతున్నారు, పుస్తకాలేమో ఇంకా రెంటినీ కలిపేస్తున్నాయి. చింపాంజీకి తోక పెట్టిన పుస్తకమైతే అక్కడే వదిలెయ్యండి.

మూడున్నరేళ్ళ పాపకి పేజీకి ఒక్క జంతువు చాలు, అదీ ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. గీరుకుంటూనో, ఆవలిస్తూనో, బురదలో పొర్లుతూనో. పిల్లలు పేరు కంటే ముందు ఆ పనిని పట్టుకుంటారు. అట్ట పేజీలవి, మూలలు గుండ్రంగా ఉన్నవి తీసుకోండి. ఇద్దరికీ కలిపి కావాలంటే మాటలు లేని బొమ్మల కథ వెతకండి. చిన్నది మూలల్లో దాక్కున్నవి వెతుకుతుంది, పెద్దవాడు కథ చెప్తాడు. రోజూ ఒకేలా చెప్పడు, అదే దానిలో మజా.

బాబుకి అసలు సంగతులున్నవి కావాలి. మా దగ్గరికొచ్చే పిల్లాడొకడు హంటర్ రోడ్డు జూలో చుక్కల దుప్పుల్ని చూసొచ్చి "టీచర్, దాని కొమ్ముల మీద బొచ్చుంది" అన్నాడు. ఉన్న జంతువుల పుస్తకాలన్నీ కింద పరిచి వెతికాం. అన్నిట్లోనూ కొమ్ములు నున్నగా, పాలిష్ పెట్టినట్టు ఉన్నాయి. ఒక్క దాంట్లో, అదీ పాతది, నలుపు తెలుపుది, అందులో ఉంది. మగ దుప్పి కొమ్ములు రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి, పెరిగేటప్పుడు వాటి మీద మెత్తని నూగు చర్మం ఉంటుంది, గట్టిపడ్డాక చెట్లకి రాసి ఊడగొట్టుకుంటాయి. మీ ఆంధ్ర రాష్ట్ర జంతువు కృష్ణజింకకి అలా కాదు, దాని కొమ్ములు రాలవు. పిల్లాడు ఆ పేజీలో వేలు పెట్టి పట్టుకుని, పుస్తకం ఇంటికి తీసుకుపోతానన్నాడు. రెండో తరగతి వాడికి అలాంటి పేజీ ఒక్కటున్నా ఆ పుస్తకం కొనొచ్చు.

జూలో పిల్లాడు కోతికి అరటిపండు అందిస్తున్న బొమ్మ ఉంటే మాత్రం నేను ముట్టను. వన్యప్రాణి రక్షణ చట్టంలో 38-జె అని ఒక సెక్షను ఉంది. జూలో జంతువులకి తిండి పెట్టడం, ఏడిపించడం, అరుపులతో చికాకు పెట్టడం, చెత్త వెయ్యడం అన్నీ నేరమే. పుస్తకంలో ముద్దుగా చూపించి, తీరా అక్కడికెళ్ళాక "వద్దు నాన్నా" అంటే ఏ పిల్లాడు వింటాడు?

సింహం రోజులో 20 గంటల దాకా పడుకునే ఉంటుంది. ఆ మాట చెప్పే పుస్తకం ఒకటి ఉంటే మీకే సుఖం. లేకపోతే మధ్యాహ్నం ఎన్‌క్లోజర్ ముందు నిలబడి "లేపమ్మా, లేపమ్మా" అని ప్రాణం తీస్తారు. ఈలలు వేసే పెద్దవాళ్ళకి కూడా ఆ పుస్తకమే చదివించాలి.

ఇక బటన్ల పుస్తకం. వెనక బ్యాటరీ మూత చూడండి. స్క్రూ డ్రైవరు లేకుండా ఊడొస్తే ఇంట్లో పెట్టకండి. లోపల ఉండేవి గుండీ బ్యాటరీలు. పిల్లలు మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే కాల్చేస్తుంది. మింగిందని అనుమానం వచ్చినా సరే ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే. స్క్రూ గట్టిగా ఉంటే కొనండి, తప్పులేదు. కొనేముందు జిరాఫీ బటన్ ఒకసారి నొక్కండి. అది దాదాపు నోరు మెదపని జంతువు, పాపం దానికి ఏం అరుపు పెట్టారో చూద్దురు గానీ.

ప్రచురణలంటే 'మంచి పుస్తకం' అనే సంస్థ వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్టువి ముందు చూడండి, ధర తక్కువ. చెన్నై తూలిక వాళ్ళు తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండే పుస్తకాలు వేస్తారు, మీ బాబుకి అవి బాగుంటాయి.

కోఠీ పాతపుస్తకాలు:

టీచర్ గారూ, మీ ఎలుగుబంటి పరీక్ష పెడితే నా అలమరా సగం ఖాళీ అవుతుందండి. నా చిన్నప్పుడు విశాలాంధ్రలో కొన్న సోవియట్ పిల్లల పుస్తకాలు ఇప్పటికీ దాచుకున్నాను. రాదుగ వాళ్ళు మాస్కోలో తెలుగులో అచ్చేసినవి. వాటిల్లో ఎలుగు గోధుమరంగే, కోటు కూడా వేసుకుంటుంది. మా అమ్మాయి వాటితోనే పెరిగింది, ఏం చెడిపోలేదు. మన కథల్లో మొసలి మాట్లాడుతుంది, నక్క మంత్రిగిరీ చేస్తుంది. పిల్లలకి కథ ఏదో, నిజం ఏదో తెలుసు. అన్నీ కొలతబద్ద పెట్టి చూస్తే చదవాలన్న సరదా పోతుంది.

హనుమకొండ టీచరమ్మ:

అన్నా, ఆ ఎలుగు వాళ్ళ ఊరిది. రష్యాలో గోధుమరంగుదే ఉంటుంది మరి, బొమ్మ వేసినాయన చూసే వేశాడు! నా పరీక్షలో అది ఫస్టు క్లాసులో పాసు. కోటు వేసుకున్నా, పెళ్ళి చేసుకున్నా కథకి నేను అడ్డం రాను. "ఇదే నిజం, నేర్చుకోండి" అని ముందుకొచ్చే పుస్తకం మీదే నా పేచీ. పెంగ్విన్, ధ్రువపు ఎలుగు ఒకే మంచుగడ్డ మీద కూర్చుని చాయ్ తాగితే కథ. "ఇవి కలిసి నివసిస్తాయి" అంటే అబద్ధం, ఒకటి భూమికి ఆ చివర, ఇంకోటి ఈ చివర.

మధురవాడ అమ్మ:

టీచర్ గారూ, చాలా థాంక్సండి. ఇంట్లో ఉన్న రైమ్స్ పుస్తకం వెనక మూత ఇప్పుడే చూశాను, గోరుతో లాగితే వచ్చేసింది! తీసి బీరువా పైన పెట్టాను.

ఇంకో సంగతి. నిన్న బాబు "పులి ఏం తప్పు చేసిందని బోనులో పెట్టారు?" అని అడిగాడు. మా ఆయన "అది మనల్ని తినకుండా" అన్నారు. వాడికి ఆ జవాబు ఆనలేదు, నాకూ ఆనలేదు. దీని గురించి చెప్పే పుస్తకాలు ఉంటాయా?

హనుమకొండ టీచరమ్మ:

ఉంటాయి, తక్కువ. చాలా పుస్తకాలు జంతువులన్నీ జూలో పండగ చేసుకుంటున్నట్టు చూపిస్తాయి. కొన్నేమో తాళం పగలగొట్టి అడవిలోకి వదిలెయ్యడంతో అయిపోతాయి. రెండూ వాడి ప్రశ్నకి జవాబు కావు. జంతువు ఎక్కణ్ణించి వచ్చింది, రోజంతా ఏం చేస్తుంది, దాన్ని ఎవరు చూసుకుంటారు, ఈ మూడింట్లో ఒకటైనా చెప్పే పుస్తకం తీసుకోండి. కీపరు పని చూపించేవి మంచివి. పొద్దున్నే పేడ ఎత్తడం, మాంసం తూకం వెయ్యడం, మందు ముద్దలో పెట్టి తినిపించడం లాంటివి.

మీ ఊళ్ళోనే దీనికి కథ ఉందమ్మా. 1998లో ప్రభుత్వం పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి, వీటిని సర్కసుల్లో ఆడించకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. మరి సర్కసుల్లో పుట్టి పెరిగిన సింహాలు ఎక్కడికి పోవాలి? వాటికి వేటాడటం రాదు. అలాంటివాటి కోసమే మీ జూ పక్కన రెస్క్యూ సెంటర్ పెట్టారు. హైదరాబాద్ జూలోనేమో మూషిక జింకల్ని పెంచి నల్లమలలో వదులుతున్నారు. కుందేలంత ఉంటుంది, కొమ్ములుండవు, మనిషి అలికిడైతే మాయం. దాని మీద తెలుగులో మంచి పిల్లల పుస్తకం ఎవరైనా రాస్తే పది కాపీలు నేనే కొంటా.

బోనులో ఎందుకంటే "కొన్ని అక్కడే పుట్టాయి, కొన్నిటికి తిరిగి వెళ్ళడానికి చోటు లేదు" అని వాడికి ఉన్నదున్నట్టు చెప్పండి. బాధపడితే పడనివ్వండి, ఏడేళ్ళ వాడికి ఆ మాత్రం అర్థమవుతుంది.

సాగర్‌నగర్ వాకర్:

అమ్మా, సోమవారం జూకి సెలవు, గుర్తుపెట్టుకోండి. సంక్రాంతి రోజుల్లో జనం విపరీతం. పొద్దున్నే గేటు తియ్యగానే వెళ్తే జంతువులు కాస్త మెలకువగా, తిరుగుతూ కనిపిస్తాయి. హైవే వైపు ఒక గేటు, మా బీచ్ వైపు ఒక గేటు ఉన్నాయి. ఏ వైపు బండి పెట్టారో మరిచిపోతే పిల్లల్ని ఎత్తుకుని కొండ పక్కన నడవాల్సి వస్తుంది, చాలా పెద్ద జూ.

మధురవాడ అమ్మ:

థాంక్సండి, మంగళవారం పొద్దున్నే వెళ్తాం. టీచర్ గారూ, ఒక్క చివరి ప్రశ్న. కిటికీలు తెరిస్తే లోపల జంతువు కనిపించే పుస్తకం పక్కింటివాళ్ళు ఇచ్చారు. పాపకి అది ప్రాణం, కానీ అప్పుడే రెండు కిటికీలు ఊడాయి. టేపు వెయ్యనా?

హనుమకొండ టీచరమ్మ:

సెల్లోటేపు వద్దమ్మా, ఎండాకాలం వచ్చేసరికి పసుపెక్కి ఊడిపోతుంది. పాత నూలు చీరలోంచి సన్నటి పట్టీ కత్తిరించి ఫెవికాల్‌తో మడత దగ్గర లోపలి వైపు అంటించండి. రాత్రంతా పైన బరువు పెట్టండి. కిటికీ పేజీకి అతుక్కోకుండా మధ్యలో ప్లాస్టిక్ కాగితం పెట్టడం మాత్రం మరవకండి.