తాతగారి .32 వెబ్లీ రివాల్వర్‌లో ఏ తూటాలు వాడవచ్చు?

ప్రశ్న – రాసినవారు: కృష్ణాతీరం

నమస్కారమండి. మా తాతగారి ఆయుధ లైసెన్సు వారసత్వ నిబంధన కింద గత నెలలో నా పేరుకు మారింది. ఇన్నేళ్లుగా డీలరు దగ్గర డిపాజిట్టులో ఉన్న ఆయన రివాల్వర్ కూడా దానితోపాటే చేతికి వచ్చింది. జేబులో పట్టేంత చిన్నది, ఆరు తూటాలది, మధ్యలో కిందికి మడిచి తూటాలు పెట్టే రకం. బ్యారెల్ మూడంగుళాలు ఉంటుంది. దాని మీద వెబ్లీ అండ్ స్కాట్ లిమిటెడ్, బర్మింగ్‌హామ్ అనీ, .32 అనీ చెక్కి ఉన్నాయి. తాతగారు దాన్ని పొలానికి వెంట తీసుకువెళ్లేవారట గాని, కాల్చగా చూసినట్టు ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం లేదు.

నా సందేహం తూటాల గురించి. కొత్తవి కొనడానికి వెళ్తే దుకాణంలోని గుమాస్తా రెండు పెట్టెలు ముందు పెట్టి, ".32 అంటే .32 యే కదా సార్, ఏదైనా పడుతుంది" అన్నాడు. రెండింటి మీదా 7.65 మి.మీ. అనే ఉంది. ఒకదాని మీద రివాల్వర్ అనీ, రెండోదాని మీద పిస్టల్ అనీ రాసి ఉంది. పిస్టల్ తూటాను అక్కడే సిలిండర్‌లో (తూటాలు పెట్టే తిరిగే చక్రంలో) పెట్టి చూపించాడు, నిజంగానే పట్టింది. అది జోరుగా కొడుతుందని కూడా అన్నాడు. నాకు నమ్మకం కుదరక కొనకుండా వచ్చేశాను. ఇవి కాక తాతగారి నాటి తూటాలు పద్దెనిమిది ఉన్నాయి, ఇత్తడి మీద పచ్చగా చిలుము పట్టింది. వాటిని వాడవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – రాసినవారు: పాత ఇనుము

కొనకుండా రావడం మంచిపని అయిందండి. పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలను పరీక్షించి బాగుచేసేవాడిగా, చాలాకాలం పనిచేసి విరమించినవాడిని కనుక కాస్త వివరంగానే చెబుతాను.

.32 అన్నది గుండు లావుకు పెట్టిన పేరే తప్ప తూటా పేరు కాదు. మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీల (ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల) లెక్కలో రివాల్వర్ తూటా 7.65 × 23, పిస్టల్ తూటా 7.65 × 17. రెండో అంకె కేసు, అంటే మందు ఉండే ఇత్తడి గొట్టం, పొడవును మిల్లీమీటర్లలో చెబుతుంది. పెట్టె మీద మీరు చదవవలసింది ఆ అంకెనే. మొదటిది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ అనే 1896 నాటి తూటా, రెండోది బ్రౌనింగ్ పిస్టళ్ల కోసం 1899లో వచ్చిన .32 ఏసీపీ. అమెరికా ప్రమాణాల ప్రకారం లాంగ్ తూటాకు అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు కాగా, పొట్టిగా కనిపించే ఆ పిస్టల్ తూటాకు 20,500 పౌండ్లు. అంటే మూడింట ఒక వంతు ఎక్కువ. కేసు వెనుక అంచు రివాల్వర్ తూటా అంచుకన్నా చిన్నదే అయినా ఎంతో కొంత బయటికి పొడుచుకుని ఉంటుంది కనుక, మీ సిలిండర్‌లో జారి లోపలికి పోకుండా నిలబడింది, గుమాస్తా అది చూసి సరిపోయిందనుకున్నాడు. సిలిండర్‌లోని గదిలో (తూటా కూర్చునే రంధ్రంలో) పట్టిందంటే దానికోసమే చేసిందని అర్థం కాదు.

మడత రివాల్వర్‌లో ఈ తేడా మరీ ముఖ్యం. కాల్చిన ప్రతిసారీ బ్యారెల్ ముందుకు లాగే బలాన్నంతా కింద ఒక కీలు, పైన ఒక గొళ్లెం, ఈ రెండే భరించాలి. ఎక్కువ పీడనం తూటాలు వాడితే అది ఒక్కసారిగా పగలకపోవచ్చు గాని, గొళ్లెం కొద్దికొద్దిగా వదులై, ఏదో ఒకనాడు తూటా పేలేటప్పుడే విడిపోయే ప్రమాదం ఉంది.

ఇక దాని వయసు సంగతి. కంపెనీ పేరు వెబ్లీ అండ్ స్కాట్ లిమిటెడ్‌గా మారింది 1906లో కనుక, మీ రివాల్వర్ అంతకన్నా పాతది కాదు. అది పనికివచ్చే సమాచారమే. అంతకు ముందు తరం రివాల్వర్లు చాలావరకు పాతకాలపు పొగ మందుకోసం, అంటే ఎక్కువ పొగ వచ్చే తుపాకీ మందు (బ్లాక్ పౌడర్) కోసం చేసినవి. (నల్లమందు అని రాస్తే మనవాళ్లు అభిని అనుకుంటారు, అందుకే పొగ మందు అంటున్నాను.) పొగరాని మందు పీడనాన్ని ఇంకా వేగంగా పెంచుతుంది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసువారు (ఆయుధాలను పరీక్షించి ముద్ర వేసే సంస్థవారు) పొగరాని మందుతో పరీక్షించిన ఆయుధాల మీద 1904 నుండి కిరీటం బొమ్మ, దాని కింద ఎన్, పి అనే రెండు అక్షరాలు కొట్టేవారు. భూతద్దం పెట్టి బ్యారెల్ మీదా, సిలిండర్ మీదా వెతకండి. ఆ గుర్తు లేకపోతే ఆర్మరర్ చూసేదాకా ఏ తూటా వద్దు.

చిలుము పట్టిన తూటాలను కాల్చవద్దు, తుడిచి మెరుగుపెట్టనూ వద్దు. లైసెన్సులో లెక్క రాయించి డీలరుకు అప్పగించండి. పాత తూటాతో వచ్చే అసలు ప్రమాదం పేలకపోవడం కాదు, సగం పేలడం. గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండగా వెనకనే రెండోది కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా చీలుతుంది.

జవాబు – రాసినవారు: ఒహాయో తెలుగు

పై మాటలన్నీ నిజమండి. నేనుండే అమెరికాలో పాత సామాన్ల అంగళ్లలో ఇలాంటి మడత రివాల్వర్లు, ముఖ్యంగా ఐవర్ జాన్సన్ కంపెనీవి, కుప్పలుగా దొరుకుతాయి. 1901లో అధ్యక్షుడు మెకిన్లీని కాల్చింది ఆ కంపెనీ .32 రివాల్వర్‌తోనే. ఆ కంపెనీ 1909 తరువాతి రకాన్ని పొగరాని మందుకు తగినట్టు మార్చింది, లోపలి ప్రధాన స్ప్రింగు చుట్టలాగా ఉంటే ఆ తరువాతిదని గుర్తుపడతారు. నా దగ్గర ఉన్నదానిలో చదును స్ప్రింగు ఉంది కనుక దాన్ని అద్దాల పెట్టెలో ఉంచాను.

ఇంకొక విషయం చేర్చాలి. .32 స్మిత్ అండ్ వెసన్ లోనే షార్ట్ అనే 1878 నాటి తూటా ఉంది. కేసు పొడవు పదిహేను మిల్లీమీటర్ల పైచిలుకు. అది లాంగ్ సిలిండర్‌లో పడుతుంది, కాల్చవచ్చు కూడా. షార్ట్ సిలిండర్‌లో లాంగ్ మాత్రం పట్టకూడదు. పట్టిందంటే ఎవరో లోపల తొలిచారని అనుమానించాలి. 1984లో వచ్చిన .32 హెచ్ అండ్ ఆర్ మ్యాగ్నమ్ తూటా, ఆ తరువాత వచ్చిన .327 ఫెడరల్ కూడా ఇదే లావువి, కేసులు ఇంకా పొడవు. రెండోదాని పీడనం 45,000 పౌండ్లు. వాటి పేరు కూడా తలవవద్దు.

జవాబు – రాసినవారు: గురి తప్పని గుండు

రైఫిల్ క్లబ్బులో 25 మీటర్ల సెంటర్ ఫైర్ పోటీలకు సాధన చేసేవాళ్లం. మేమూ ఈ .32 లాంగ్ తూటానే, ముందు భాగం చదునుగా, మెత్తని సీసపు గుండుతో ఉన్నదాన్ని వాడతాం. నెమ్మదైన తూటా, పాత బ్యారెల్‌ను అరగదీయదు. ఏది వాడినా మొదటి రెండు మూడింటిని క్లబ్బు రేంజిలో, ఆర్మరర్ సమక్షంలో, ఒక్కొక్కటే పెట్టి కాల్చండి. పొలంలోనో పెళ్లిలోనో పరీక్షించవద్దు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత సంబరాల కాల్పులకు రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే తుపాకీని గురి వైపే పట్టుకుని అర నిమిషమైనా ఆగాలి. ఇంట్లో ఉంచేటప్పుడు హామర్ (తూటాను కొట్టే సుత్తి) కింద ఉండే గదిని ఖాళీగా వదిలేయండి.

కృష్ణాతీరం:

అందరికీ కృతజ్ఞతలు. భూతద్దంతో చూశాను. బ్యారెల్ మీద కిరీటం కింద ఎన్, పి అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. సిలిండర్ మీద అరిగిపోయిన గుర్తేదో ఉంది, చదవలేకపోయాను. మడిచి తెరిచి మూసినప్పుడు బ్యారెల్ పక్కలకు కాస్త కదులుతోంది, ఇది వయసు వల్ల సహజమేనా?

పాత ఇనుము:

సహజం కావచ్చు గాని సురక్షితం కాదండి. కీలు మేకు అరిగితే మార్చవచ్చు, గొళ్లెం అరిగితే కొంచెం కష్టం. చదవలేని గుర్తున్న సిలిండర్ ఈ రివాల్వర్‌దేనా, వేరొకదాని నుంచి తెచ్చి వేసినదా అన్నది ఆర్మరర్ వరుస సంఖ్యలు పోల్చి చెబుతారు. అప్పటిదాకా 7.65 × 23 పెట్టె కూడా కొనవద్దు.